బాల్యంలో పడిన బీజానికి నింద ఆమెకా?

“మా వంశంలో ఎవరికీ లేదు కదండీ, నాకే ఎందుకొచ్చింది?”

రొమ్ము కాన్సర్ అని డాక్టరు చెప్పగానే చాలామంది ఆడవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ఇదే. జవాబులు మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటాయి. పెళ్ళి ఆలస్యంగా చేసుకుందని ఒకరు, బిడ్డకి సరిగ్గా పాలివ్వలేదని ఒకరు, ఉద్యోగమంటూ తిరిగిందని ఇంకొకరు, ఏ జన్మలో చేసిన పాపమోనని మరొకరు! అసలు జబ్బు ఒకటైతే ఈ నింద రెండో జబ్బు. మందులకి మొదటిది లొంగినా రెండోది ఓ పట్టాన వదలదు.

ఆమె అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు కోసం శాస్త్రజ్ఞులు ఎన్నో దేశాల్లో వెతికారు. ఆ వెతుకులాటలో అందరికంటే ఎక్కువగా దారి చూపించిన వాళ్ళలో అమెరికాకి వలస వెళ్ళిన చైనా స్త్రీలున్నారు. వాళ్ళ జీవితాల నుంచి తెలిసిన సంగతులు చదివితే, ఈ జబ్బు గురించి మనం అలవాటుగా అనుకునే మాటలు చాలావాటిని మార్చుకోవాల్సి వస్తుంది.

సముద్రం దాటితే మారిన లెక్క

చాలా కాలం పాటు అమెరికాలో రొమ్ము కాన్సర్ చైనా, జపాన్‌లలో కంటే నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా ఉండేది. “వాళ్ళ రక్తం వేరు, మన రక్తం వేరు” అని సరిపెట్టుకోవడానికి ఇది చక్కగా పనికొచ్చే లెక్క. కానీ జబ్బు రక్తంలోనే ఉంటే, మనిషి ఏ దేశంలో ఉన్నా ఒకేలా రావాలి కదా? చైనాలో పుట్టిన స్త్రీ కాలిఫోర్నియాలో కాపురం పెట్టినంత మాత్రాన ఆమె రక్తం మారిపోదు. ఆమె కూతురి రక్తమూ మారదు. మరి వాళ్ళకొచ్చే జబ్బు మారుతోందా? చూడాల్సింది అదీ.

అలా చూడటానికి అమెరికాలోని చైనా కుటుంబాలు సరిగ్గా సరిపోయాయి. దానికి వెనక ఒక చేదు చరిత్ర ఉంది. 1882లో అమెరికా ప్రభుత్వం చైనా కూలీలు తమ దేశానికి రాకుండా చట్టం చేసింది. అంతకు ముందే, 1875లో చేసిన మరో చట్టం చైనా ఆడవాళ్ళ రాకని దాదాపుగా ఆపేసింది. 1943 దాకా ఈ నిషేధం ఎత్తెయ్యలేదు. 1965లో వలస చట్టం మారాక గానీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో రావడం మొదలవలేదు. దాంతో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఒకే వీధిలో రెండు రకాల స్త్రీలు కనిపించేవారు. ఒకామె అమ్మమ్మ కూడా అమెరికాలోనే పుట్టింది. ఇంకొకామె నిన్న మొన్న గ్వాంగ్‌డాంగ్ పల్లె నుంచి దిగింది. జాతి ఒకటే. పెరిగిన నేల మాత్రం వేరు.

అమెరికా జాతీయ కాన్సర్ సంస్థకి చెందిన రెజీనా జీగ్లర్, ఆమె సహచరులు ఈ తేడానే పట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, హవాయిలలో ఉన్న చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ మూలాల స్త్రీలని తీసుకుని, 597 మంది రోగుల్నీ, జబ్బు లేని 966 మందినీ పోల్చి చూశారు. 1993లో ఫలితాలు అచ్చయ్యాయి. తూర్పు దేశాల్లో పుట్టి వచ్చిన వాళ్ళకంటే అమెరికాలో పుట్టిన వాళ్ళకి ముప్పు 60 శాతం ఎక్కువ. అమెరికాలోనే పుట్టినవాళ్ళలో చూస్తే, అమ్మమ్మ, నానమ్మ, తాతల్లో ముగ్గురో నలుగురో కూడా అక్కడే పుట్టిన వాళ్ళకి ఇంకో 50 శాతం ఎక్కువ. వలస వచ్చిన వాళ్ళలో పల్లెలో పెరిగిన ఆమెకంటే పట్నంలో పెరిగిన ఆమెకి 30 శాతం ఎక్కువ. వచ్చి పదేళ్ళు దాటిన వాళ్ళకి, కొత్తగా వచ్చిన వాళ్ళకంటే 80 శాతం ఎక్కువ. ఈ చివరి నుంచి ఆ చివరికి చూస్తే తేడా ఆరు రెట్లు!

రెండు మూడు తరాల్లో జన్యువులు ఇంతలా మారిపోవు. మారింది తిండి, గాలి, నీళ్ళు, పని, ఆటపాటలు, పిల్లల్ని కనే వయసు. అంటే మనిషి బతికే తీరు. వంశంలో ఎవరికీ లేకపోయినా ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒకే ఒక్క జన్యు లోపం వల్ల వచ్చే రొమ్ము కాన్సర్లు నూటికి ఐదు నుంచి పది మాత్రమే. మిగతా వాళ్ళలో చాలామందికి “మా వంశంలో లేదు” అన్నది నిజమే. కానీ అది రక్షణ కాదు.

బాల్యం దగ్గరే ఎందుకు?

పల్లెలో పెరిగిందా, పట్నంలో పెరిగిందా అన్నది నలభై ఏళ్ళ తర్వాత వచ్చే జబ్బు మీద ప్రభావం చూపుతోందంటే వింతగానే ఉంటుంది. కానీ రొమ్ము మిగతా అవయవాల లాంటిది కాదు. గుండె, ఊపిరితిత్తులు మనతోపాటే రూపం దిద్దుకుని పుడతాయి. రొమ్ము అలా కాదు. తల్లి కడుపులో ఉండగా మొగ్గ వేస్తుంది, పెద్దమనిషయ్యే వయసులో వేగంగా పెరుగుతుంది, మొదటి కాన్పు నిండాక గానీ పూర్తిగా పరిణతి చెందదు. వేగంగా విభజన చెందుతూ, ఇంకా కుదురుకోని కణాలకే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. కుండ ఆరాక వేలు పెడితే మచ్చ పడదు. పచ్చిగా ఉన్నప్పుడు పెడితే గుర్తు అలాగే ఉండిపోతుంది.

దీనికి అందరికంటే దారుణమైన సాక్ష్యం హిరోషిమా, నాగసాకి స్త్రీలది. 1945లో అణుబాంబు పడినప్పుడు ఇరవై ఏళ్ళలోపు వయసున్న ఆడపిల్లలకి ఆ తర్వాతి జీవితంలో రొమ్ము కాన్సర్ ముప్పు ఎక్కువగా పెరిగింది. అదే రేడియేషన్‌కి నలభై దాటాక గురైన స్త్రీలలో ఆ ప్రభావం చాలా తక్కువ. 

డి.డి.టి. కథ కూడా ఇలాంటిదే. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 1959 నుంచి 1967 వరకు గర్భిణుల రక్తం తీసి భద్రపరిచారు. ఆ స్త్రీలని దశాబ్దాల పాటు గమనించిన బార్బరా కోన్ బృందం 2007లో చెప్పిన సంగతి ఇది: అమెరికాలో డి.డి.టి. వాడకం మొదలైన 1945 నాటికి పద్నాలుగేళ్ళు నిండని వాళ్ళలో, రక్తంలో ఆ మందు ఎక్కువగా ఉన్నవాళ్ళకి యాభై ఏళ్ళలోపు రొమ్ము కాన్సర్ వచ్చే అవకాశం ఐదు రెట్లు. అప్పటికే పెద్దవాళ్ళయిన వాళ్ళలో ఈ సంబంధం కనబడలేదు. 2015లో అదే బృందం ఇంకో మాట చెప్పింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి రక్తంలో డి.డి.టి. ఎక్కువగా ఉంటే, ఆ కడుపున పుట్టిన కూతురికి దాదాపు నాలుగు రెట్ల ముప్పు.

చైనా స్త్రీల విషయానికొస్తే బాల్యం రెండు మూడు దారుల్లో పనిచేస్తుంది. మొదటిది, పెద్దమనిషయ్యే వయసు. ఒకప్పుడు చైనా పల్లెల్లో ఆడపిల్లలు పదహారు, పదిహేడేళ్ళకి గానీ రజస్వల అయ్యేవారు కాదు. ఇవాళ అక్కడి నగరాల్లో పన్నెండు, పదమూడేళ్ళకే అవుతున్నారు. ఒక్కో ఏడాది ముందు పెద్దమనిషయితే ముప్పు 5 శాతం చొప్పున పెరుగుతుందని 2012లో ప్రపంచమంతటి లెక్కలూ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. రెండోది, ఎత్తు. బాగా తిని, జబ్బులు తక్కువగా పడి పెరిగిన పిల్ల పొడుగవుతుంది. పొడుగుతో పాటు ముప్పూ కొంచెం పెరుగుతుంది. అమెరికాలోని ఆసియా స్త్రీలలోనూ జీగ్లర్ బృందం ఇదే చూసింది.

మూడోది తిండి. సోయా చిక్కుళ్ళ పాల విరుగుడుతో చేసే టోఫు చైనా వంటింట్లో మనకి పప్పు లాంటిది. చిన్నప్పుడు, అంటే ఐదు నుంచి పదకొండేళ్ళ మధ్య సోయా బాగా తిన్న ఆసియా అమెరికన్ స్త్రీలలో ముప్పు సగానికి పైగా తగ్గిందని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అదే ఏడాది షాంఘైలో 73 వేల మందికి పైగా స్త్రీలని గమనించిన మరో అధ్యయనంలో, కౌమారం నుంచీ నిలకడగా తింటూ వచ్చిన వాళ్ళలో ముట్లుడగక ముందు వచ్చే రొమ్ము కాన్సర్ తక్కువగా కనిపించింది. ఇది చదివి సోయా మాత్రల డబ్బా కొనుక్కొచ్చుకునేరు! వాళ్ళు తిన్నది ఇంట్లో వండిన తిండి, అదీ చిన్ననాటి నుంచి. నలభయ్యో ఏట మింగే మాత్ర దానికి సాటి రాదు.

ఆ పల్లె అదృష్టం ఏపాటిది?

ఇక్కడే ఒక పొరపాటు చెయ్యకూడదు. “చూశారా, పాతకాలం బతుకే మంచిది. మన అమ్మమ్మల కాలంలో ఇవన్నీ ఉన్నాయా?” అనేవాళ్ళు వెంటనే బయల్దేరతారు. వాళ్ళని ఒక్క ప్రశ్న అడగాలి. ఆ చైనా పల్లెపిల్ల పదిహేడేళ్ళకి గానీ ఎందుకు రజస్వల కాలేదు?

కడుపుకి తిండి లేక. ఒంట్లో రక్తం లేక. నీళ్ళు మోస్తూ, పొలంలో నడుం వంచుతూ పెరిగినందుకు. 1959 నుంచి 1961 దాకా చైనాలో వచ్చిన కరువులో కోట్ల మంది చనిపోయారు. ఆ రోజుల్లో పిల్లలుగా ఉన్నవాళ్ళే తర్వాత కొందరు అమెరికా చేరారు. వాళ్ళకి రొమ్ము కాన్సర్ తక్కువగా వచ్చిందని ఆకలిని వరమందామా? అక్కడి అమ్మమ్మల్లో ఎందరు కాన్పుల్లో పోయారు, ఎందరు క్షయతో పోయారు, ఎందరు కాన్సర్ వచ్చే వయసు దాకా బతికారు?

పైగా ఆకలి కాపాడుతుందన్న మాటా నిలబడదు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువొచ్చింది. ఆ కరువుని బాగా అనుభవించిన స్త్రీలలో, ముఖ్యంగా అప్పటికి రెండు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న వాళ్ళలో, రొమ్ము కాన్సర్ తర్వాత ఎక్కువగానే కనిపించింది. అదే యుద్ధకాలంలో నార్వేలో తిండికి కొంత కటకట మాత్రమే ఉండేది. అక్కడ ఆ రోజుల్లో ఈడుకొచ్చిన ఆడపిల్లలకి తర్వాత ఈ జబ్బు తక్కువగా వచ్చింది. అంటే శరీరం మనం అనుకున్నంత సులువుగా లెక్క చెప్పదు. ఒక మాట మాత్రం ఖాయం. ఆడపిల్ల కంచంలో అన్నం తగ్గించడానికి ఈ శాస్త్రాన్ని ఎవరూ సాక్ష్యానికి పిలవడానికి వీల్లేదు.

ఇంకో నింద వద్దు

“బాల్యంలోనే బీజం పడుతుంది” అనగానే పొంచి ఉన్న రెండో ప్రమాదం, వేలు ఈసారి తల్లి వైపు తిరగడం. “చిన్నప్పుడు నువ్వు ఏం పెట్టావో!” అని. రోగిని నిందించినవాళ్ళకి రోగి తల్లిని నిందించడం ఎంత పని? కానీ పైన చెప్పుకున్నవి ఒక్కసారి తిరిగి చూడండి. బాంబు వేసింది ఏ తల్లి? ఊళ్ళ మీద డి.డి.టి. చల్లించింది ఏ తల్లి? అమెరికా 1972లో, చైనా 1983లో పొలాల్లో దాని వాడకం ఆపేశాయి. ఆ నిర్ణయాలు జరిగింది ప్రభుత్వ కార్యాలయాల్లో. పదేళ్ళు ముందు జరిగుంటే ఎందరో ఆడపిల్లల ఒంట్లోకి అంత విషం వెళ్ళేది కాదు. ఏ తల్లీ వంటింట్లో నిలబడి ఆపగలిగిన సంగతి కాదది.

వలస వచ్చిన తల్లినే తీసుకోండి. బట్టలు కుట్టే కార్ఖానాలోనో, హోటల్ వంటింట్లోనో పగలంతా పనిచేసి ఇంటికొచ్చే స్త్రీ, బడిలో పెట్టిన తిండికి అలవాటు పడిన పిల్లకి రాత్రి టోఫు తినిపించలేకపోతే తప్పు ఆమెదా? పిల్ల ఏ గాలి పీలుస్తుంది, బడిలో ఏం తింటుంది, ఆడుకోవడానికి మైదానం ఉందా లేదా, తిండి పొట్లాల్లో ఏ రసాయనాలున్నాయి అన్నవి ఒక ఇంటి గడప లోపల తేలే విషయాలు కావు. బాల్యం అమ్మ చేతిలో ఒక్కదానిలోనే ఉండదు. బాధ్యత కూడా ఆమె ఒక్కదానిదే కాదు.

“మాకు రాదులే”, “అయిపోయిందిలే”

ఈ రెండు మాటలూ ప్రాణం మీదికి తెచ్చేవే.

ఆసియా ఆడవాళ్ళకి ఈ జబ్బు తక్కువన్న మాట అమెరికాలో డాక్టర్లూ, రోగులూ కూడా చాలాకాలం నమ్మారు. 1988 నుంచి 2004 వరకు కాలిఫోర్నియా లెక్కల్ని దేశాల వారీగా విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. అమెరికాలో పుట్టిన చైనా స్త్రీలకి వలస వచ్చిన వాళ్ళకంటే దాదాపు రెండింతల రొమ్ము కాన్సర్. యాభై ఐదేళ్ళలోపు వాళ్ళలోనైతే అదే వయసు తెల్లజాతి స్త్రీల కంటే కూడా ఎక్కువ. అందరినీ “ఆసియా వాళ్ళు” అని ఒక్క గాటన కట్టినంత కాలం ఇది కనబడనే లేదు. అమెరికన్ కాన్సర్ సొసైటీ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ దేశంలో రొమ్ము కాన్సర్ అందరికంటే వేగంగా పెరుగుతున్నది ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్న స్త్రీలలోనే. యాభై లోపు వాళ్ళలో వాళ్ళ రేటు తెల్లజాతి స్త్రీల రేటుని అందుకుంది.

చైనా కూడా పాత చైనా కాదు. 2022లో అక్కడ మూడున్నర లక్షల మందికి పైగా స్త్రీలకి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలోనైతే లెక్క తలకిందులైంది. అక్కడే పుట్టిన ఆసియా స్త్రీలకంటే వలస వచ్చిన వాళ్ళకే ముప్పు ఎక్కువగా కనిపించింది. చిన్న అధ్యయనమే కావచ్చు గానీ, “నేను అక్కడ పుట్టాను, నాకు భయం లేదు” అన్న ధీమా ఇక చెల్లదని హెచ్చరిస్తోంది.

ఇక రెండో మాట, “చిన్నప్పుడే అంతా అయిపోయింది, ఇప్పుడు చేసేదేముంది?” అన్నది. ఇదీ నిజం కాదు. వచ్చి పదేళ్ళు దాటిన వాళ్ళకి ముప్పు 80 శాతం పెరిగిందని చెప్పుకున్నాం కదా? వాళ్ళలో చాలామంది బాల్యం తూర్పు దేశాల్లోనే గడిచింది. మారింది పెద్దయ్యాక బతికిన తీరు. పెరిగే దారి ఉన్నప్పుడు పెరగనివ్వకుండా ఆపే దారి కూడా ఉంటుంది. ముట్లుడిగాక బరువు పెరగకుండా చూసుకోవడం, రోజూ ఒంటికి పని చెప్పడం, మద్యం జోలికి పోకపోవడం ముప్పుని తగ్గిస్తాయి. బిడ్డకి పాలివ్వడం కూడా కొంత కాపాడుతుంది. 30 దేశాల లెక్కల్లో, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకీ ముప్పు 4 శాతం చొప్పున తగ్గింది. అయితే ఇవన్నీ చేసినామెకీ జబ్బు రావచ్చు. అందుకే వీటిని జాగ్రత్తలుగా చెప్పాలి గానీ వచ్చినామె మీద నేరారోపణలుగా చదవకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, తొందరగా కనిపెట్టడం. వలస వచ్చిన చైనా స్త్రీలు చాలామంది మామోగ్రామ్‌కి వెళ్ళరు. భాష రాదు, సెలవు దొరకదు, బీమా ఉండదు, పరాయివాళ్ళ ముందు రొమ్ము చూపించడానికి సిగ్గు. ఈ సిగ్గు మనకి కొత్తదా? దానికి తోడు, ఆసియా స్త్రీలలో చాలామందికి రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ. అలాంటప్పుడు మామోగ్రామ్‌లో గడ్డ సరిగ్గా కనబడకపోవచ్చు. ఆ సంగతి స్త్రీకి తప్పనిసరిగా చెప్పాలన్న నిబంధన అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. నలభయ్యో ఏట నుంచే రెండేళ్ళకోసారి మామోగ్రామ్ తీయించుకోమని అక్కడి నిపుణుల సంఘం అదే ఏడాది చెప్పింది. ఆ దేశంలో మన తెలుగు ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఈ మాట వాళ్ళకీ వర్తిస్తుంది.

ఇక్కడున్న వాళ్ళ సంగతో? మనది సముద్రం దాటిన వలస కానక్కర్లేదు. పల్లె నుంచి పట్నానికి చేసిన ప్రయాణం చాలు. 2012-16 మధ్య మన దేశంలోని కాన్సర్ రిజిస్ట్రీలలో, వయసు తేడాలు సర్ది చూస్తే, రొమ్ము కాన్సర్ అందరికంటే ఎక్కువగా నమోదైంది హైదరాబాదు జిల్లాలో, లక్ష మంది స్త్రీలకి 48 మంది చొప్పున. పల్లెల రిజిస్ట్రీలలో అది చాలా తక్కువ. పల్లెలో పుట్టిన అమ్మమ్మ, చిన్న ఊళ్ళో పెరిగిన అమ్మ, నగరంలో పెరుగుతున్న కూతురు. చైనా స్త్రీలు మూడు తరాల్లో దాటిన దూరాన్ని మన ఇళ్ళలోనూ దాటుతున్నాం.

కాబట్టి అడగాల్సినవి గట్టిగా అడుగుదాం. బడిపిల్లకి కడుపునిండా మంచి తిండి, పరిగెత్తడానికి చోటు కావాలి. అవసరం లేని చోట చిన్నపిల్లల ఛాతీకి రేడియేషన్ తగిలే స్కానింగులు వద్దు. కొత్త రసాయనం బజార్లోకి రాకముందే అది పెరిగే పిల్ల ఒంటికి ఏం చేస్తుందో చూడాలి. ఆడ డాక్టరో, ఆడ నర్సో మన భాషలో మాట్లాడుతూ పరీక్ష చేసే ఏర్పాటు పట్టణ ఆసుపత్రుల్లో ఉండాలి.

మనం చెయ్యాల్సింది కూడా ఒకటుంది. చేతికి గడ్డ తగిలితే, చనుమొన లోపలికి తిరిగితే, రక్తం లాంటి స్రావం కనబడితే, పండగ వెళ్ళాక చూద్దాం, పిల్ల పరీక్షలయ్యాక చూద్దాం అని వాయిదా వెయ్యకండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పక్కింటామె వెళ్ళడానికి జంకుతుంటే తోడు వెళ్ళండి. ఎందుకొచ్చిందో ఆరా తీసే పని శాస్త్రజ్ఞులకి వదిలేద్దాం. ఆమెకి మన నుంచి కావాల్సింది ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చునే మనిషి.